కోర్టుని ఊరికి నడిపించినవాళ్ళు

(మిరప కోతల రోజుల్లో ఒక పల్లెలో రాత్రి సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించీ మిరపకాయ కోసి కోసి వచ్చారు. ఆ చేతులు ఇప్పుడెట్లా మండుతున్నాయో మాకు తెలుసు. మేమూ కోసినోళ్ళమే. మిరపకాయ కోసిన చేత్తో కళ్ళు తుడుచుకోగూడదని మన అమ్మలు చెప్పేవాళ్ళు. అందుకని ఇవాళ ఏడుపు మాటలు తక్కువ, కోర్టు మాటలు ఎక్కువ చెబుదామని వచ్చాం. వచ్చే బుధవారం ఈ పల్లె నించి పదకొండు మంది సాక్షులు కోర్టుకి పోవాలి గదా. ఆ పదకొండు మందిలో ఎంతమంది బస్సెక్కుతారో, ఎంతమంది ఎక్కరో ఇవాళ ఇక్కడ తేలాలి.

ఊళ్ళో పెద్దమనుషులు మూడు రోజులుగా ఏమంటున్నారో మా చెవినా పడింది. "ఎందుకురా ఈ కోర్టులు, పిల్లగాళ్ళు తొందరపడ్డారు, ఏదో అయింది, రాజీ పడండి, మిరప కోత అయ్యేదాకా పని మీకే ఇస్తాం" అంటున్నారు. ఇది పాత మాటే. మన తాతలకీ ఇదే చెప్పారు. కానీ దీని వెనకాల ఇంకో మాట తగిలించారు చూడండి, దానికి జవాబు చెప్పడానికే మేం వచ్చింది. "చుండూరోళ్ళు పదహారేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు, ఏం ఒరిగింది? అందరూ విడుదలై ఇళ్ళకొచ్చారు గదా" అంటున్నారంట. మన మీద మన చరిత్రనే విసురుతున్నారు. మన పిల్లలు కొందరు అది విని తలకాయ ఊపారని కూడా తెలిసింది. తప్పు పట్టడం లేదు. చుండూరు సంగతి సగం తెలిసినోడికి అట్లాగే అనిపిస్తుంది. అందుకని పూర్తిగా చెప్పుకుందాం.

ముందు కారంచేడు రెండు ముక్కలు. 1985 జూలై 16. మంచినీళ్ళ చెరువులో గొడ్ల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు మొదలైన గొడవ. మర్నాడు పొద్దున్నే మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు చచ్చిపోయారు. పల్లె పల్లెంతా చీరాలకి వచ్చి శిబిరంలో తలదాచుకుంది. ఆ శిబిరంలోనే దళిత మహాసభ పుట్టింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం గారు ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మన పక్కకొచ్చి నిలబడ్డారు. ఆ కేసులో కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన ముద్దాయికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ళూ ఖాయం చేసింది. ఇరవై మూడేళ్ళు పట్టింది. కారంచేడు లాంటి ఊళ్ళ మీద దేశమంతా లేచిన అలజడి వల్లే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నించి అమల్లోకి వచ్చింది. అంటే ఇవాళ మన చేతిలో ఉన్న చట్టం ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు.

ఇక చుండూరు. మనది మెట్ట, పత్తీ మిరపా పండే నేల. చుండూరు తెనాలి పక్కన, కాలవల కింద వరి పండే నేల, రైలు పోయే ఊరు. అక్కడ మనవాళ్ళు చదువుకున్నారు. రైల్వేలో ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారు. భూస్వామి పిలిస్తేనే పని అనే బతుకు అందరికీ లేదు. అదే పెద్దమనుషులకి మింగుడు పడలేదు. 1991 జూలైలో సినిమా హాల్లో ముందు సీటు మీద మన కుర్రోడి కాలు తగిలింది. అంతే. ఇప్పటికీ కొందరు కాలు తగలడం వల్లే అంత జరిగిందంటారు. కాలు తగలడం వంకే. చదువుకున్న కాలు గనక తగిలింది అన్నారు. పల్లెని వెలేశారు. కూలికి పిలవలేదు, కౌలు పొలాలు లాక్కున్నారు. పోలీసు పికెట్టు పెట్టారు. ఆ పికెట్టు ఊళ్ళో ఉండగానే ఆగస్టు 6న మనవాళ్ళని పొలాల్లోకి తరిమి, గట్ల మీదా చేలల్లోనూ కత్తులతో బరిసెలతో నరికారు. ఎనిమిది మంది. శవాలని గోతాల్లో కుక్కి డ్రెయినులో పడేశారు. గోతం మనకి తెలుసు. మిరపకాయ తొక్కేది గోతంలోనే, పత్తి తొక్కేదీ గోతంలోనే.

బతికినోళ్ళు తెనాలి శిబిరానికి వచ్చారు. తర్వాత వాళ్ళు చేసిన రెండు పనులు మీరు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, చనిపోయినవాళ్ళని ఊళ్ళోనే పాతిపెట్టారు. ఊరు మధ్యలో. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఇవాళ్టికీ ఆగస్టు 6న అక్కడికి జనం వస్తారు. రెండోది, కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలన్నారు.

ఆ రెండో కోరికని అప్పుడు చాలామంది వింతగా చూశారు. మనవాళ్ళల్లోనే కొందరు, కోర్టు గుంటూర్లో ఉంటేనేం, చుండూర్లో ఉంటేనేం, చట్టం ఒకటే గదా అన్నారు. మేమూ మొదట్లో అట్లాగే అనుకున్నాం, దాచుకోవడమెందుకు. తర్వాత సాక్షుల్ని వెంటేసుకుని కోర్టులకి తిరిగినప్పుడు తెలిసింది, చోటులో ఏముందో.

కొన్నేళ్ళ కింద మా వైపు ఒక కేసు. ఏ ఊరో, ఏ కోర్టో చెప్పం. ఒక ముసలమ్మ ముఖ్య సాక్షి. కొడుకుని కొడుతుంటే కళ్ళారా చూసింది. ఆమెని పద్నాలుగు సార్లు కోర్టుకి తీసకపోయాం. పొద్దున ఆరింటి బస్సు, రెండు బస్సులు మారాలి. పోతే ఇవాళ జడ్జిగారు సెలవు, ఇంకోనాడు ముద్దాయి తరఫు వకీలు రాలేదు, ఇంకోనాడు సమ్మె. వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూచోవడం, వాయిదా రాయించుకుని రావడం. పద్నాలుగు రోజుల కూలి పోయింది. ముద్దాయిలు ఎదురుగా టీ కొట్టు బల్లల మీద వకీలు గుమాస్తాలతో నవ్వుకుంటూ కూచునేవాళ్ళు. వాళ్ళు కార్లో వచ్చేవాళ్ళు. ఒకరోజు బస్సు తప్పిపోతే, ముద్దాయిల్లో ఒకడు కారాపి "ఎక్కవే అవ్వా, మనూరికే గదా" అన్నాడు. ఆమె ఎక్కలేదు, కానీ ఆ రాత్రి మాతో ఒక మాటంది. "అయ్యా, ఆడు నవ్వుతా పిలిచాడు చూడండి, కొట్టినప్పటికంటే భయమేసింది" అంది.

ఇప్పుడు ఆలోచించండి. మన ఊళ్ళల్లో కోర్టంటే ఏంది? రచ్చబండ. దాని మీద కూచునేది ఎవరు, చెప్పులు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడేది ఎవరు? తరాల తరబడి ఆ బండ మీదే మనకి జరిమానాలు వేశారు, అక్కడే గుండు గీయించారు, అక్కడే వెలేశారు. సర్కారు కోర్టు అనేది ఎక్కడో పట్నంలో ఉండేది. ఊరి దాకా దాని చెయ్యి రాదు. సాక్షి పట్నంలో నిజం చెప్పి, రాత్రికి తిరిగొచ్చి రచ్చబండ పక్క నించే నడిచి తన గుడిసెకి పోవాలి. చుండూరు వాళ్ళు అడిగింది ఇదీ: ఆ కోర్టుని ఇక్కడికి తెండి. నేరం ఎక్కడ జరిగిందో అక్కడే ముద్దాయిల్ని పేరు పెట్టి పిలవండి. మేం నడిచొచ్చి సాక్ష్యం చెబుతాం, వాళ్ళు నిలబడి వినాలి.

సాధించుకున్నారు. నేరం జరిగిన ఊళ్ళోనే ఈ చట్టం కింద ప్రత్యేక కోర్టు పెట్టడం దేశంలో అదే మొదటిసారి. 179 మంది ముద్దాయిలు. కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పేరూ గారూ లేకుండా, బాబూ దొరా లేకుండా పిలుస్తాడు. ఆ ఊళ్ళో ఆ పేర్లని మనవాళ్ళు ఏనాడైనా అట్లా విన్నారా?

ఇక్కడ మిమ్మల్ని కాసేపు దూరదేశం తీసకపోతాం. ఎందుకంటే కోర్టు ఊళ్ళోనే ఉన్నా, అది ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో అక్కడ బాగా కనిపిస్తుంది. అమెరికాలో దక్షిణాన మిసిసిపీ అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ తలహాచీ అని ఒక కౌంటీ. కౌంటీ అంటే మన చిన్న జిల్లా అనుకోండి. మన నల్లరేగడిలాగే పత్తి నేల. నల్లవాళ్ళు తరతరాలు బానిసలుగా పత్తి ఏరారు, బానిసత్వం పోయాక పాలికాపులుగా అదే పత్తి ఏరారు. మన దళిత పాంథర్లు 1972లో బొంబాయిలో ఆ పేరు పెట్టుకున్నది ఆ నల్లవాళ్ళ బ్లాక్ పాంథర్లని చూసే గదా. ఆ వరసన వాళ్ళు మనకి చుట్టాలు.

ఆ కౌంటీలో సమ్నర్ అనే చిన్న ఊరు. ఊరి మధ్య చదరంలో గడియారపు గోపురం ఉన్న కోర్టు మేడ. మేడ ముందు ఒక సైనికుడి విగ్రహం. ఏ సైనికుడనుకున్నారు? బానిసత్వం పోగూడదని యుద్ధం చేసిన దక్షిణాది సైన్యపు సైనికుడు. న్యాయం అడగడానికి వచ్చిన నల్లవాడు ముందు ఆ విగ్రహం దాటుకుని లోపలికి పోవాలి.

1955 ఆగస్టులో ఎమ్మెట్ టిల్ అని పద్నాలుగేళ్ళ నల్లపిల్లాడు షికాగో నించి చుట్టాలింటికి వచ్చాడు. కొట్లో ఒక తెల్లామెతో మర్యాద తప్పాడని నింద. నాలుగు రోజులకి అర్ధరాత్రి ఇద్దరు తెల్లవాళ్ళు వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుపోయి చిత్రహింసలు పెట్టి చంపారు. శవాన్ని ఏటిలో పడేశారు. తేలకుండా మెడకి ఏం కట్టారో తెలుసా? జిన్నింగు మిల్లులో తిరిగే ఇనప ఫంకా, ముళ్ళతీగతో కట్టారు. జిన్నింగు మిల్లు గుంటూరు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ పత్తి మిల్లు ఫంకా, ఇక్కడ గోతాలు.

పిల్లాడి తల్లి మేమీ టిల్ శవపేటిక మూయనివ్వలేదు. నా బిడ్డని ఏం చేశారో లోకం చూడాలంది. సెప్టెంబరులో ఆ సమ్నర్ కోర్టులోనే విచారణ జరిగింది. అక్కడ జూరీ పద్ధతి. పన్నెండు మంది పౌరులు కూచుని దోషో కాదో చెబుతారు. నల్లవాళ్ళకి ఓటు నమోదు కానిచ్చేవాళ్ళు కాదు, ఓటరు కానివాడు జూరీలో కూచోడానికి లేదు. పన్నెండు మందీ తెల్లమగవాళ్ళే. మన దేశంలో జూరీ పద్ధతి తీసేసి మంచిపని చేశారు. మన ఊళ్ళల్లో జూరీలో ఎవరు కూచునేవాళ్ళో మీకు తెలుసు. నల్ల విలేఖర్లకి ఆ కోర్టు హాల్లో వేరే బల్ల వేశారు, పక్కకి. మన హోటళ్ళల్లో వేరే గ్లాసు పెట్టినట్టు.

ఆ పిల్లాడికి చిన్నతాత వరసయ్యే మోజెస్ రైట్, అరవై దాటిన పాలికాపు, సాక్షి. తెల్లవాడి మీద నల్లవాడు తెల్లవాళ్ళ కోర్టులో వేలెత్తడం అంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. ఆయన లేచి నిలబడి, చెయ్యి చాచి, ఎత్తుకుపోయింది ఇతనే అని వేలు పెట్టి చూపించాడు. ఆ చూపించిన క్షణం ఫొటో దేశమంతా చూసింది. అయినా జూరీ 67 నిమిషాల్లో నిర్దోషులని చెప్పి బయటికొచ్చింది. మధ్యలో కూల్ డ్రింకు తాగడానికి ఆగకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని ఆ జూరీలో ఒకడు గొప్పగా చెప్పుకున్నాడు. మరుసటేడు ఆ ఇద్దరూ ఒక పత్రిక దగ్గర డబ్బు తీసుకుని, అవును మేమే చంపామని చెప్పుకున్నారు. ఒకసారి విడుదలయ్యాక మళ్ళీ విచారణ లేదు గనక ధైర్యం. మోజెస్ రైట్ ఆ నేల వదిలిపెట్టి షికాగో వెళ్ళిపోవాల్సి వచ్చింది.

కోర్టు ఊళ్ళోనే ఉంది, ఉండీ లాభం లేకపోయింది. ఎందుకంటే దాన్ని అక్కడ కట్టించింది పత్తి భూముల దొరలు. చుండూరు కోర్టుకి గోపురం లేదు, గడియారం లేదు. కానీ దాన్ని అక్కడికి రప్పించింది చచ్చిపోయినవాళ్ళ పెళ్ళాలూ తల్లులూ తమ్ముళ్ళూ. తేడా అక్కడుంది.

రప్పించారు, సరే. విచారణ మాత్రం 2004 దాకా మొదలు కాలేదు. పదమూడేళ్ళు. ఈలోపల ముసలి సాక్షులు పోయారు, ముద్దాయిల్లోనే 33 మంది పోయారు. ఇక్కడ మీకు ఇంకో కేసు చెప్పాలి, చిలకలూరిపేట పక్కనే జరిగింది. 1993లో దోపిడీ చెయ్యబోయి ఇద్దరు దళిత కుర్రాళ్ళు బస్సు తగలబెట్టారు. 23 మంది కాలిపోయారు. ఘోరం. మేం ఆ పనిని ఏనాడూ సమర్థించలేదు, సమర్థించం. కానీ ఆ కేసు నడిచిన వేగం చూడండి. 1995కల్లా ఉరిశిక్ష, 1996కల్లా సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పౌరహక్కుల వాళ్ళు, రచయితలు ఎంతో పోరాడితే 1998లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. మూడున్నరేళ్ళలో ఉరికొయ్య దాకా పోయిన కోర్టులు ఇవే. చుండూరు మీద మొదటి తీర్పుకి పదహారేళ్ళు పట్టిన కోర్టులూ ఇవే. కాబట్టి కోర్టులకి నడక రాదని ఎవరైనా అంటే నమ్మకండి.

2004 నించి చుండూర్లో విచారణ సాగింది. పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన వకీలు బి. చంద్రశేఖర్ గారు ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నిలబడ్డారు. సాక్షులు వచ్చారు. పదమూడేళ్ళు కూలికి పోయి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, ముసలైపోయి కూడా వచ్చారు. పని ఇస్తామన్నా, డబ్బు ఇస్తామన్నా, బెదిరించినా చాలామంది మాట తిప్పలేదు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం. 35 మందికి ఏడాది జైలు. 123 మంది విడుదల. తక్కువే, ఒప్పుకుంటాం. కానీ ఆ జిల్లాలో దళితుణ్ణి చంపినందుకు అంతమంది భూస్వాములు ఒక్కసారి జైలు బండి ఎక్కడం అంతకుముందు మనం చూశామా?

అదే 2007లో, రెండు నెలల తర్వాత, అక్టోబరు 2న, అక్కడ అమెరికాలో సమ్నర్ కోర్టు మేడ ముందు ఒక సభ జరిగింది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసిన ఒక కమిటీ నిలబడి, 1955లో ఇక్కడ న్యాయం జరగలేదు, మేం చింతిస్తున్నాం అని ఆ పిల్లాడి కుటుంబానికి చదివి వినిపించింది. యాభై రెండేళ్ళకి. ఆ కోర్టు హాలుని 1955లో ఎట్లా ఉందో అట్లా బాగుచేయించారు. 2023లో దేశ స్మారకాల్లో చేర్చారు. మంచిదే. ఏటి ఒడ్డున పెట్టిన గుర్తు బోర్డుని మాత్రం తుపాకులతో కాల్చారు, మళ్ళీ పెడితే మళ్ళీ కాల్చారు. చివరికి 2019లో తూటా దిగని బోర్డు పెట్టాల్సొచ్చింది. మన ఊళ్ళల్లో అంబేడ్కర్ విగ్రహానికి ఇనప చువ్వల పంజరం ఎందుకు కడుతున్నామో, అందుకే.

ఇక మీ పెద్దమనుషులు చెప్పే మాట దగ్గరికొద్దాం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు చుండూరు కేసులో శిక్ష పడ్డ 56 మందినీ విడుదల చేసింది. అది నిజం. ఆ రోజు మేం తిండి తినలేదు. కానీ వాళ్ళు చెప్పని మాట ఒకటుంది. బాధితులు ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకి పోయారు, 2014 జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. అంటే హైకోర్టు మాటే ఆఖరి మాట అని సుప్రీంకోర్టు వదిలెయ్యలేదు.

ఆ హైకోర్టు తీర్పులో కారణాలు చూస్తే మనకి ఒక పాఠం ఉంది. కోపంతో చూస్తే కనపడదు, చల్లగా చూడాలి. ప్రాసిక్యూషను మూడు సంగతులు రుజువు చెయ్యలేదన్నారు. ఎవరు ఏ టైముకి చచ్చిపోయారు. ఏ చోట చచ్చిపోయారు. ఎవరు కొట్టారు. టైము, చోటు, మనిషి.

పొలాల్లో తరుముతుంటే ప్రాణాలు దక్కించుకోవడానికి పరిగెత్తేవాడు వాచీ చూసుకుంటాడా? ఇది మేం వెయ్యిసార్లు అడిగాం, అడుగుతూనే ఉంటాం. ఇందాక చెప్పిన మా ముసలమ్మ సంగతి పూర్తి చెయ్యలేదు. పద్నాలుగో సారి ఆమెని బోనెక్కించారు. "ఎన్ని గంటలకి జరిగింది?" అన్నాడు వకీలు. "గొడ్లని మేతకి తోలే యాళకి బాబూ" అంది. "మేతకి తోలేది ఏడింటికా, తొమ్మిదింటికా?" "పొద్దు బారెడెక్కింది." హాల్లో నవ్వారు. పోలీసు కాగితంలో పదిన్నర అని ఉంది. ఆమె పదిన్నర అని ఎవరితోనూ అనలేదు. స్టేషన్లో రైటరు తనకి తోచింది రాసుకున్నాడు, ఆమెకి చదివి వినిపించలేదు, వేలిముద్ర తీసుకున్నాడు. సాక్ష్యం పొంతన లేదని కేసు పోయింది. ఆమె ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. మేం ఆ మొదటి రోజు స్టేషన్లో ఆమె పక్కన లేం. అది మా తప్పు. ఊరేగింపుకి జనాన్ని కూడగట్టే పనిలో ఉన్నాం. ఊరేగింపు బాగానే జరిగింది.

అందుకని చెబుతున్నాం, వినండి. కోర్టు చూసేది మన కన్నీళ్ళని కాదు, మొదటి రోజు కాగితాన్ని. ఏదైనా జరిగితే ఎఫ్ఐఆర్ ఇచ్చేటప్పుడు పక్కన చదువు వచ్చినవాడు ఒకడు ఉండాలి. చదివించుకుని, సరిగ్గా ఉంటేనే సంతకం, వేలిముద్ర. నకలు ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. "మేతకి తోలే యాళ" అంటే "మేతకి తోలే వేళ, సుమారు ఏడింటికి" అని రాయించండి. చోటు అంటే ఫలానా వారి మిరప చేను గట్టు, తూర్పు వైపు అని రాయించండి. దర్యాప్తు చెయ్యాల్సింది డిఎస్పీ స్థాయి అధికారి, కానిస్టేబులు కాదు. వెలివేత కూడా ఇప్పుడు ఈ చట్టం కింద నేరమే, 2016 జనవరి 26 నించి అమల్లో ఉన్న సవరణతో పేరు పెట్టి రాశారు. పని ఇవ్వం, కొట్లో సరుకు ఇవ్వం అన్నా కేసే. ఆ సవరణతోనే బాధితుల, సాక్షుల హక్కులని వేరే అధ్యాయం వచ్చింది. చార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని కూడా రాశారు. రాసినట్టు జరగడం లేదు, మాకు తెలుసు. కానీ రాసి ఉంది గనక అడగొచ్చు.

2018 మార్చిలో సుప్రీంకోర్టు ఈ చట్టానికి కోరలు పీకినప్పుడు ఏం జరిగిందో మీరే చూశారు. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ అయింది. చాలామంది మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడాది పార్లమెంటు ఆ కోరలు మళ్ళీ పెట్టింది.

ఇంకో సంగతి. సర్కారు వకీలు మీద మీకు నమ్మకం లేకపోతే, మాకు ఫలానా సీనియర్ వకీలు కావాలని కలెక్టరుకి అర్జీ పెట్టుకోవచ్చు, నిబంధనల్లో ఉంది. మన కేసులో ఆ అర్జీ ఇంకా పెట్టలేదు. మన కమిటీ వాళ్ళు మిరప రేటు చూసుకుంటూ మర్చిపోయారు. రేపే పెట్టాలి.

రాజీ మాట ఇంకొక్కసారి. ఈ చట్టం కింద కేసు రాజీ పడే కేసు కాదు. అందుకని వాళ్ళు రాజీ అనేది కాగితం మీద కాదు, మీ నోటి మీద. బోనెక్కి "నాకు తెలవదు, చూడలేదు" అనమంటున్నారు. ఒకడు అంటే రెండోవాడి సాక్ష్యం బలం పోతుంది. ఆ మాటకి ఇచ్చేది ఎంత? కోత అయ్యేదాకా పని. కోత ఇంకెన్ని రోజులుందో మీకే బాగా తెలుసు.

చుండూరోళ్ళకి ఏం ఒరిగిందని అడిగారు గదా. 1991 ముందు ఆ ఊళ్ళో ఎట్లా బతికారో, కోర్టు ఊళ్ళోకొచ్చాక ఎట్లా తలెత్తుకుని నడిచారో పోయి చూసి రండి. ఆగస్టు 6న మేం పోతాం, బస్సులో చోటుంటుంది.

ఇప్పుడు బుధవారం సంగతి. ఐదున్నరకి చింతచెట్టు దగ్గర ఆటో ఉంటుంది, రోడ్డు మీద ఆరింటి బస్సు అందుకోవాలి. సమన్లు కాగితం, ఆధార్ కార్డు మర్చిపోవద్దు. బస్సు చార్జీ, కనీస కూలికి తగ్గకుండా రోజు బత్తెం మీకు సర్కారే ఇవ్వాలి, మూడు రోజుల లోపల. ఆడవాళ్ళు, అరవై దాటినవాళ్ళు వెంట ఒకర్ని తెచ్చుకోవచ్చు, వాళ్ళకీ ఇవ్వాలి. ఇస్తారా అంటే, అడిగి సంతకం పెట్టించుకునేదాకా మేం కదలం. నిరుడు ఒక కేసులో సాయంత్రం ఏడింటి దాకా కూచుని తీసుకున్నాం. అన్నం మూట మేం తెస్తాం. బోనులో తెలియని సంగతి తెలియదని చెప్పండి, తెలిసింది తెలిసినట్టు చెప్పండి. టైము అడిగితే కంగారు పడొద్దు, పొద్దు లెక్కే చెప్పండి, దాన్ని గంటల్లోకి మార్చమని వకీలుకి ముందే చెప్పి ఉంచాం.

చంటిపిల్లలున్న తల్లులు ఇద్దరున్నారు సాక్షుల్లో. ఆ రోజు పిల్లల్ని ఎవరు చూస్తారో ఇంకా తేల్లేదు. ఎవరు చూస్తారు? చెయ్యెత్తండి, పేర్లు రాసుకుంటాం.